పాత మాన్యువల్ స్పోర్ట్స్ కారు కొనే ముందు క్లచ్‌ను ఎలా పరీక్షించాలి?

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కడం మొదలుపెడితే క్లచ్ దాచుకున్న జబ్బులన్నీ బయటపడతాయి. విశాఖలోనో బరంపురంలోనో చదును రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి, బాగుందనుకుని కోరాపుట్‌కో రాయగడకో తెచ్చుకుంటే, మొదటి మెరకలోనే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం లాగదు. అందుకే క్లచ్‌ను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి చూడాలి. అబార్త్ పుంటో, ఐ20 ఎన్ లైన్, పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ వంటి టర్బో బళ్లకు ఇది మరీ అవసరం.

క్లచ్ జబ్బులు ప్రధానంగా రెండు, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిది పట్టకపోవడం, అంటే జారడం. రెండోది వదలకపోవడం, అంటే పెడల్ తొక్కినా ఇంజను నుంచి గేర్‌బాక్సు విడిపోకపోవడం. జారుతోందంటే సాధారణంగా గేర్‌బాక్సు దించాల్సిందే. వదలకపోవడం మాత్రం చాలాసార్లు బయటి నుంచే సర్దుకుంటుంది. షెడ్డులో పెడల్ ఒక్కసారి తొక్కి ‘ప్లేట్ గలా’ (ప్లేటు పోయింది) అనేస్తే నమ్మి సరే అనకండి, ముందు ఈ రెండింటిలో ఏదో తేల్చుకోండి.

ఇంజను ఆపి ఉండగా

బానెట్ ఎత్తి క్లచ్ ఫ్లూయిడ్ చూడండి. చాలా యూరప్ బళ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ డబ్బా ఒక్కటే. ఫ్లూయిడ్ నల్లబడితే లోపలి రబ్బరు సీళ్లు అరుగుతున్నాయని అనుమానించాలి. తర్వాత టార్చి వేసి క్లచ్ పెడల్ పైభాగంలో, మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించేది) కడ్డీ వెళ్లేచోట వేలితో తడమండి. తడి తగిలితే సిలిండర్ కారుతోంది. స్లేవ్ సిలిండర్ (ఆ ఒత్తిడితో క్లచ్‌ను కదిపేది) గేర్‌బాక్సు బయట ఉంటే దాని రబ్బరు తొడుగు కొద్దిగా లాగి చూడండి. లోపల ఉండే రకమైతే బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే డొప్ప) అడుగున తడి ఉందేమో చూడటమే మార్గం.

వదులుతోందా?

ఇంజను వేడెక్కాక న్యూట్రల్‌లో, క్లచ్ పూర్తిగా తొక్కి 5 సెకన్లు ఆగి రివర్స్ వేయండి. తొక్కిన వెంటనే వేస్తే కొద్దిగా గరగరలాడటం కొన్ని బళ్లకు మామూలే. 5 సెకన్ల తర్వాత కూడా గరగరమంటే ప్లేటు ఇంకా తిరుగుతున్నట్టు. ఇంజను ఆపితే గేర్లన్నీ సాఫీగా పడి, స్టార్ట్ చేస్తే పడకపోతే తప్పు క్లచ్ వదలకపోవడంలోనే ఉంది. ఆపినా పడకపోతే గేర్ కేబుళ్లు చూడాలి. నడుస్తున్నప్పుడు రెండో గేరు ఒక్కటే గరగరమంటే అది సింక్రో (గేరు పడేముందు వేగాలను కలిపే రింగు) అరుగుదల. క్లచ్ మార్చినా పోదు.

పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు సులువుగా పడుతోందా? లైనులో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల కారుతోంది. పెడల్ తొక్కి మొదటి గేరు వేసి అరనిమిషం అలాగే ఉంచితే బండి తనంతట ముందుకు పాకిందంటే మాస్టర్ సిలిండర్ లోపల కారుతున్నట్టే.

గాలి తీయాలంటే బండికి చెప్పిన ఫ్లూయిడ్, ఎక్కువగా డాట్ 4, కొత్త సీసాదే వాడండి. డబ్బా నింపి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే మరొకరు స్లేవ్ సిలిండర్ దగ్గరి గాలి తీసే నిప్పిల్‌ను పావు తిప్పు విప్పి, బుడగలు పోయాక బిగించి, అప్పుడు పెడల్ వదలమనాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేయండి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటికే. పెయింటు మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లు పోయండి.

జారుతోందా?

నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఒకే గేరులో ఆర్‌పీఎం, వేగం లెక్క ప్రకారం కలిసే పెరగాలి. 50 దగ్గర 1,500 ఉంటే 75 దగ్గర 2,250 ఉండాలి. ముల్లు 3,000కి ఎగిరి వేగం అంతే ఉంటే జారుతున్నట్టే. టర్బో బళ్లలో ఇది టార్క్ తగిలే మధ్య ఆర్‌పీఎంలో, పై గేర్లలో ముందు కనిపిస్తుంది. రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచడం) చేయించారా అని అమ్మేవాణ్ణి అడగండి. బలం పెంచి క్లచ్ పాతదే ఉంచితే అది నిలబడదు.

హ్యాండ్‌బ్రేకు వేసి మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలే పరీక్ష చాలామందికి ఇష్టం. ఇంజను వెంటనే ఆగిపోతే పట్టు ఉన్నట్టు. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది. ఆ తర్వాత ఘాటీ మీద నాలుగైదు కిలోమీటర్లు ఎక్కి, ట్రాఫిక్ లేనిచోట ఆపి మెరక మీదే మళ్లీ కదిలించండి. బ్రేకు లైనింగు కాలిన వాసన, కదిలేటప్పుడు వణుకు వస్తే ప్లేటు మీద ఆయిల్ పడిందేమో, ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఒత్తుకునే ఇంజను చక్రం) వేడికి వంకరపోయిందేమో చూడాలి. వణుకు ఇంజను మౌంటింగు వల్ల కూడా రావచ్చు, చవకైన తప్పు కాబట్టి ముందు దాన్నే చూడండి.

చప్పుడు ఎప్పుడొస్తోంది?

పెడల్ తొక్కితేనే గీమంటే రిలీజ్ బేరింగు. వదిలినప్పుడు వచ్చి తొక్కగానే ఆగితే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. ఇంజను ఆపే క్షణంలో గలగలమంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే రకం) మీద అనుమానం. ఇది మొత్తం క్లచ్ సెట్ కన్నా బరువైన ఖర్చు కావచ్చు, బేరమాడటానికి ముందే తెలియాలి.

గేర్‌బాక్సు దించాల్సి వస్తే

ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఒకే సెట్టుగా మార్చండి. లోపలి రకం స్లేవ్ సిలిండర్ ఉంటే అదీ కొత్తదే వేయండి. ప్లేటు మీద రివెట్ తలల కన్నా పొర 0.3 మిల్లీమీటర్ల లోపే మిగిలితే పనికిరాదు. క్రాంకు వెనక సీలు కారుతుంటే అప్పుడే మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటూ ఆయిల్‌లో తడుస్తుంది. మామూలు ఫ్లైవీల్ మీద నీలి మచ్చలుంటే లేతుమీద సాపు చేయించవచ్చు. పగుళ్లుంటే మార్చాల్సిందే. షాఫ్ట్ పళ్లకు గ్రీజు పలచగా రాయాలి, ఎక్కువైతే విసిరి ప్లేటు మీదే పడుతుంది.

ఈ బళ్ల సామాను ఏజెన్సీ ఊళ్లలో చేతికి దొరకదు. చాసిస్ నంబరు రాసిచ్చి విశాఖ నుంచి తెప్పించుకోండి, బండి విప్పాక కాదు, విప్పక ముందే. బిగించాక మొదటి 500 కిలోమీటర్లు ఘాటీ పరుగులు వద్దు.