వియత్నాంలో 40 రోజులు: లెక్క ఎక్కడ తప్పింది, ఎలా సర్దుకున్నాను

మొదటి లెక్క ప్రకారం చేతిలో డబ్బు 25 రోజులకే హరీమనేలా ఉంది. కాగితం మీద పెట్టి చూస్తే తిండి కాదు, తిరుగుడే మింగేస్తోంది. హనోయ్‌లో దిగడం, హోచిమిన్ సిటీ దాకా పోవడం, ఫ్లైటు కోసం మళ్లీ 1,700 కిలోమీటర్లు వెనక్కి! అందుకే తిరుగు టికెట్టు హోచిమిన్ నుంచే తీశా. చూడాలనుకున్న పదకొండు ఊళ్లలో ఏడు జాబితాలోంచి కొట్టేశా. రాత్రి స్లీపర్ బస్సెక్కితే ఆ పూట గది అద్దె మిగిలింది (నిద్ర మాత్రం సగమే). హోయాన్‌లో అద్దె వారానికి లెక్కకట్టమంటే ఇంటి ఓనరమ్మ రేటు తగ్గించింది.

అసలు చిల్లు ఏటీఎం దగ్గర పడింది. ‘రూపాయల్లో లెక్కకట్టమంటారా?’ అని తెర మీద అడిగింది. మన రూపాయే కదా అని నొక్కేశా. ఆ ఏటీఎం బ్యాంకువాళ్లు తమకిష్టం వచ్చిన రేటు వేసి గీకేశారు. తర్వాత ఎప్పుడూ ఆ కన్వర్షన్ వద్దని నొక్కి, అక్కడి కరెన్సీ డాంగుల లెక్కలోనే తీశా. తీసిన ప్రతిసారీ ఫీజు కాబట్టి వారానికి ఒక్కసారే.

శాకాహారులు ‘కొమ్ చాయ్’ (Cơm chay, అంటే శాకాహార భోజనం) బోర్డు వెతుక్కోండి, చవగ్గా కడుపు నిండుతుంది. నా కందిపొడి డబ్బా మాత్రం ముప్పయ్యో రోజుకే ఖాళీ. దానికి విరుగుడు దొరకలేదు.