టార్చి కొనే విద్య – 3వ పాఠం: పెట్టె మీది అంకె, లోపలి సెల్లు

పోయిన పాఠంలో రెండు మాటలు నేర్చుకున్నాం. టార్చి అన్ని వైపులకూ కలిపి ఇచ్చే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో చెబుతారు. ఒకే దిక్కుకు దూసుకుపోయే ఘాటును క్యాండెలాల్లో చెబుతారు. ఇంట్లో ఉన్న టార్చి పెట్టె మీది అంకెలన్నీ కాగితం మీద రాసి ఉంచమని కూడా చెప్పాను. ఆ కాగితం బయటికి తీయండి. అందులో ఏ అంకె నమ్మదగిందో, ఏది ఉత్త కోతో టార్చి వెలిగించకుండానే తేల్చేయొచ్చు.

వెలిగించకముందు వేసే లెక్క

హైదరాబాద్‌ కోఠి గుజరాతీ గల్లీలోనో ట్రూప్ బజార్‌లోనో 'టాక్టికల్ టార్చి' కావాలంటే చేతిలో పెట్టే సరుకు దాదాపు ఒకే వాలకంలో ఉంటుంది. నల్లటి అల్యూమినియం ఒళ్లు, మూతి చుట్టూ రంపపు పళ్లు, పెట్టె మీద హెల్మెట్ పెట్టుకున్న సైనికుడు. "మిలిటరీ మాల్ సార్, రెండు కిలోమీటర్లు కొడతది" అంటాడు షాపతను. పెట్టె మీద 10,000 ల్యూమెన్లు అని ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో సున్నా కూడా కలుస్తుంది. ధర ఐదారు వందలు చెబుతారు, బేరమాడితే దిగుతుంది.

ఇప్పుడు మీ హాల్లో వెలిగే బల్బు సంగతి చూడండి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టె మీద 900 ల్యూమెన్లకు అటూ ఇటూగా రాసి ఉంటుంది. అంటే వాటుకు సుమారు 100. టార్చిలో ఉన్నదీ ఎల్ఈడీయే. మంచిదైతే ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది, చవకదైతే తక్కువ. లెక్కకు 100 అనుకుందాం. 10,000 ల్యూమెన్లు కావాలంటే 100 వాట్లు కావాలి. పదకొండు హాలు బల్బులు తినే కరెంటు పిడికెడు టార్చిలోంచి రావాలన్నమాట.

ఆ కరెంటు ఇచ్చేది సెల్లు. ఈ రకం టార్చిల్లో ఎక్కువగా వాడేది 18650. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు. పేరున్న కంపెనీల మంచి సెల్లు కూడా 3500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) దగ్గర్లోనే ఆగుతుంది. 3.5 ఆంపియర్-అవర్లను 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్-అవర్లు. 100 వాట్ల చొప్పున లాగితే ఏడెనిమిది నిమిషాల్లో సెల్లు ఖాళీ. అసలు అలా లాగడమే కుదరదు. 100 వాట్లంటే దాదాపు 28 ఆంపియర్లు. ఇలాంటి 3500 ఎంఏహెచ్ సెల్లుకు ఎనిమిది, పది ఆంపియర్లే హద్దు. కాబట్టి 10,000 అన్న అంకెను కొట్టేయండి.

ఇదే లెక్కను తిరగేస్తే మనకు పనికొచ్చే అంకె దొరుకుతుంది. 12.6ను 100తో గుణిస్తే 1260 ల్యూమెన్-గంటలు. ఒక మంచి 18650 సెల్లు మొత్తం మీద ఇవ్వగలిగిన వెలుతురు ఇంచుమించు ఇంతే. దీన్ని ల్యూమెన్లతో భాగిస్తే గంటలు వస్తాయి. 600 ల్యూమెన్లయితే రెండు గంటలు, 300 అయితే నాలుగు. పెట్టె మీద '1000 ల్యూమెన్లు, 10 గంటలు' అని పక్కపక్కనే ఉంటే ఆ రెండూ ఒకేసారి నిజం కాలేవు. 18650కి బదులు మూడు చిన్న పెన్సిల్ సెల్లులు, అంటే ట్రిపుల్ ఏ వేసే టార్చి అయితే 1260కి బదులు 400 వేసుకోండి. అదీ దయతలచి.

నిజాయితీగా రాసే కంపెనీల పెట్టెల మీద కూడా గంటలు కాస్త సాగదీసినట్టే ఉంటాయి. అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం ప్రకారం, మొదట్లో ఉన్న వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా టార్చి 'వెలుగుతున్నట్టే' లెక్క. 500తో మొదలై 51కి దిగి మినుకుమినుకుమంటున్నా గడియారం నడుస్తూనే ఉంటుంది. పెట్టె మీద ఎఫ్ఎల్ 1 గుర్తు ఉంటే మంచిదే, కనీసం ఒక పద్ధతి ప్రకారం కొలిచారని అర్థం. ఆ గంటలను మాత్రం మీ చీకటి గంటలుగా లెక్కేసుకోకండి.

ఇక రెండు కిలోమీటర్ల సంగతి. అదే ప్రమాణంలో దూరమంటే, వెలుతురు 0.25 లక్స్‌కు తగ్గే చోటు (ఒక చోట పడే వెలుతురుకు కొలత లక్స్). నిండు పున్నమి వెన్నెలంత. క్యాండెలాకు వర్గమూలం తీసి రెండింతలు చేస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు. రెండు కిలోమీటర్లు కావాలంటే 10 లక్షల క్యాండెలాలు. రూపాయి బిళ్ల అంత మూతి ఉన్న చవక టార్చికి ఐదు నుంచి పది వేల క్యాండెలాలు వస్తే గొప్ప. వెన్నెల్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు కదా. కాబట్టి లెక్కలో తేలిన దూరంలో సగమే పనికొచ్చేదని అనుకోండి. సగం దూరంలో వెలుతురు నాలుగింతలుంటుంది.

కొట్లో నిలబడి

మొదట టార్చి వెనకున్న బటన్ చూడండి. టాక్టికల్ అనే పేరుకు అర్థం ఏదైనా ఉందంటే అది ఇక్కడే ఉంది. బటన్‌ను సగం నొక్కి పట్టుకుంటే వెలగాలి, వదిలితే ఆరిపోవాలి, పూర్తిగా నొక్కితే టక్‌మని నిలిచిపోవాలి. చవక వాటిలో చాలావరకు ముందు టక్‌మనిపిస్తే గానీ వెలగవు, సగం నొక్కితే మోడ్ మారుతుంది. మూతి చుట్టూ పళ్లు ఉన్నంత మాత్రాన ఏమీ రాదు. బోర్లా పెట్టినప్పుడు ఆ సందుల్లోంచి వెలుతురు కారి టార్చి ఆపలేదని గుర్తుచేస్తాయి, అంతవరకే వాటి వల్ల లాభం.

నాకు అన్నిటికన్నా చిరాకు పుట్టించేది మోడ్‌ల వరస. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, ఆ తర్వాత టకటకా కొట్టుకునే స్ట్రోబ్, చివర ఎస్ఓఎస్. అర్ధరాత్రి సంపులో నీళ్లున్నాయా అని మూత తీసి చూడబోతే కళ్ల ముందు డిస్కో మొదలవుతుంది. మూర్ఛ ఉన్నవాళ్లకు ఆ మినుకులు ప్రమాదం కూడా. స్ట్రోబ్ మామూలు వరసలో కాకుండా, బటన్‌ను ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటేనే వచ్చేలా ఉన్న టార్చి దొరికితే మరో యాభై రూపాయలు ఎక్కువైనా దాన్నే తీసుకోండి.

మూతి ముందుకు లాగితే కిరణం సన్నబడే జూమ్ రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. పూర్తిగా లాగినప్పుడు గోడ మీద పడే పసుపు చతురస్రం ఆ ఎల్ఈడీ ముక్క బొమ్మే. అప్పుడు పక్కలకు పోయే వెలుతురు గొట్టం లోపలే వృథా అవుతుంది. పైగా జారే మూతి ప్రతిసారీ గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతోపాటు తడినీ. 2020 అక్టోబరు వానలకు మన నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో గుర్తుందిగా. కరెంటు పోయిన సెల్లార్‌లోకి, నీళ్లలోకి దిగేవాళ్లకు జూమ్ పనికిరాదు. దూరం కొట్టే సన్నటి కిరణం కన్నా నాలుగు స్తంభాల మధ్య పరుచుకునే వెలుతురే అక్కడ కావాలి. పెట్టె మీద ఐపీఎక్స్ 4 అంటే చిలకరింపుకు తట్టుకుంటుందని, ఐపీఎక్స్ 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉండగలదని. ఆ రాత నిజమా కాదా కొట్లో తేలదు. వెనక మూత విప్పి మర చుట్ల మొదట్లో రబ్బరు రింగు ఉందా, చిట్లిందా అన్నది మాత్రం చూడొచ్చు.

మూత విప్పినప్పుడే సెల్లు బయటికి తీయండి. రాకపోతే, అంటే లోపలే అతికించి ఉంటే, ఆ సెల్లు చచ్చిన రోజే టార్చి కూడా చచ్చినట్టు. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే నవ్వుకుని కాటా అడగండి. పక్కన కిరాణా కొట్టు ఉంటే డిజిటల్ కాటా ఉండనే ఉంటుంది. నిజమైన మంచి 18650 సుమారు 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. 35కి దిగువన ఉంటే లోపల సరుకు లేదు. బరువు సరిపోయినంత మాత్రాన మంచిదని అనుకోవద్దు. చిన్న సెల్లును పెద్ద గొట్టంలో పెట్టి పొడి నింపి బరువు కలిపే ఘనులూ ఉన్నారు. సెల్లు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉంటే, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి కంపెనీ పేరు సరిపోయిందో లేదో అక్కడే చూసుకోవచ్చు. పేరున్న కంపెనీ సెల్లు ఒక్కటే మూడు నాలుగు వందలు పలుకుతుందని గుర్తుంటే, 'సెల్లు, చార్జర్, డబ్బా అన్నీ కలిపి 450' అన్న మాటకు ఎంత విలువివ్వాలో మీకే తెలుస్తుంది.

చార్జింగు సాకెట్ యూఎస్‌బీ-సి అయితే ఒక చిన్న తిరకాసు ఉంది. రెండు చివరలా సి ఉన్న కేబులు పెడితే చాలా చవక టార్చిలు చార్జ్ కావు. చార్జర్ టార్చిని గుర్తుపట్టడానికి లోపల పెట్టాల్సిన రెండు బుల్లి రెసిస్టర్లను పెట్టకుండా మిగిల్చుకుంటారు. ఒక చివర పాత వెడల్పాటి పిన్ను ఉన్న కేబులు పెడితే పనిచేస్తుంది. దీనికోసం టార్చి వెనక్కి ఇవ్వక్కర్లేదు గానీ ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

ఇంట్లో, బాత్రూం తలుపేసి

అసలు పరీక్ష ఇది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఏదైనా ఒకటి వేసుకోండి. ఫోన్ సెన్సర్ చూపే అంకె కచ్చితంగా ఉండకపోవచ్చు, కానీ ఒకే ఫోన్‌తో కొలిచినంతసేపు హెచ్చుతగ్గులు బాగానే పట్టుకుంటుంది. మనకు కావలసింది అంతే.

టార్చిని పూర్తిగా చార్జ్ చేయండి. రాత్రి బాత్రూంలో లైటు ఆపి, టార్చిని కప్పు వైపు చూసేలా నేల మీద నిలబెట్టండి. బటన్ పొడుచుకొచ్చి నిలబడకపోతే ఖాళీ స్టీలు గ్లాసులో పెట్టండి. మూరెడు దూరంలో ఫోన్‌ను వెల్లకిలా ఉంచండి. కిరణం సూటిగా తగలకూడదు, కప్పు నుంచి చెదిరి వచ్చే వెలుతురే పడాలి. 30 సెకన్లకు, 3 నిమిషాలకు, 10కి, 30కి, 60కి రీడింగు రాసుకోండి. ప్రతిసారీ టార్చి ఒంటి మీద చెయ్యి వేసి చూడండి. పట్టుకోలేనంత కాలితే ఆపేయండి. వెలుగుతున్న టార్చిని వదిలేసి బయటికి పోకండి, అది లిథియం సెల్లు.

ఉదాహరణకు ఒక టార్చి వరసగా 90, 84, 70, 46, 21 చూపిందనుకుందాం. ఇంకొకటి 90, 62, 60, 59, 58. మూడో నిమిషంలో ఆపేసినవాడు మొదటిదే మేలంటాడు. గంట కూర్చున్నవాడు రెండోది జేబులో వేసుకుంటాడు. మొదటిదానిలో సెల్లు వోల్టేజీ ఎంత జారితే వెలుతురూ అంత జారుతుంది, మధ్యలో దాన్ని సర్దే సర్క్యూట్ లేదు. రెండోది వేడెక్కకుండా తనంతట తానే ఒక మెట్టు దిగి, అక్కడ స్థిరంగా నిలబడింది. ఆ దిగడం లోపం కాదు, అలా తయారుచేశారు.

మూడో రకం ఒకటుంది. పది నిమిషాల్లో బాగా పడిపోతుంది, వెలుతురు నీలంగా మారుతుంది, ఒళ్లు మాత్రం చల్లగానే ఉంటుంది. ఎల్ఈడీ వేడి లోహపు ఒంటికి చేరడం లేదు, లోపల అదొక్కటే ఉడికిపోతోంది. అనుమానం తీరాలంటే ఆపేసి పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ వెలిగించండి. రీడింగు మొదటి అంకెకు తిరిగి వస్తే తప్పు వేడిది. రాకపోతే తప్పు సెల్లుది. సెల్లుదైతే మంచిది తెచ్చి వేస్తే టార్చి బాగుపడుతుంది. వేడిదైతే బాగుపడదు, వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.

ల్యూమెన్లు ఎన్నో కూడా ఇందులోనే తేలుతుంది. ఎఫ్ఎల్ 1 గుర్తున్న టార్చి ఒకటి స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి. అదే బాత్రూం, అదే చోటు, అదే ఫోన్. 500 ల్యూమెన్ల ఆ టార్చి 30 సెకన్లకు 75 చూపి, మీది అరగంటకు 45 చూపిస్తే, మీ టార్చి నిలకడగా ఇచ్చేది 300. ఫోన్ టార్చి ఇచ్చేది యాభైకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఇది దానికి ఆరింతలు. అరగంట తర్వాత 300 ఇచ్చి, సెల్లు మార్చుకునే వీలున్న టార్చికి 500 రూపాయలు పెట్టడం నా దృష్టిలో మంచి బేరమే, పెట్టె మీద 10,000 అని అబద్ధం రాసి ఉన్నా సరే. పెట్టె మీద నిజమే రాసి, అరగంటకు ఫోన్ టార్చి స్థాయికి జారిపోయేదానికి 200 కూడా ఎక్కువ.

తక్కువ మోడ్‌లో వెలుతురు అదురుతుందా అన్నది కూడా అదే బాత్రూంలో చూసేయండి. నల్లా సన్నగా తిప్పి ధార మీద టార్చి వేయండి. ధార నున్నగా కనిపిస్తే సరే. విడివిడి ముత్యాల వరసలా తెగి కనిపిస్తే టార్చి వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉందన్నమాట. కొందరికి దీనివల్ల తలనొప్పి వస్తుంది, చాలామందికి ఏమీ కాదు.

వచ్చే పాఠానికి పని: ఐదు రీడింగులూ, సెల్లు బరువూ, కొన్న ధరా ఒకే వరసలో రాసి ఉంచండి. డాబా మీదనో కారిడార్‌లోనో ఐదు మీటర్ల దూరంలో ఫోన్ పెట్టి కిరణం మధ్యభాగం సూటిగా పడేలా చేసి ఒక రీడింగు తీసుకోండి, దాన్ని 25తో గుణిస్తే క్యాండెలాలు వస్తాయి. 200 లక్స్ వచ్చిందంటే 5000 క్యాండెలాలు, అంటే 141 మీటర్లు. 4వ పాఠంలో చార్జర్లు, సెల్లు దాచుకునే పద్ధతి, ఉబ్బిన సెల్లును ఏం చేయాలో చూద్దాం.