ఓడ కూతలు, 4వ పాఠం: మంచులో కుడి ఎడమలు పనికిరావు

ఈసారి లంగరు గంటల గురించి చెబుదామనుకున్నాను. పోయిన పాఠం జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను.

నేనడిగింది ఇదీ: ఇంజన్ ఓడలో పొగమంచులో పోతున్నారు. ముందువైపు ఎక్కడో ఒక పొడుగు కూత వినిపించింది. రాడార్‌లో చుక్క కూడా ఉంది. ఏం చేస్తారు? చాలామంది "ఒక పొట్టి కూత వేసి కుడికి తిప్పుతాం" అని రాశారు. తప్పు.

పొట్టి కూతలు ఒకటి కుడికి, రెండు ఎడమకి, మూడు ఇంజన్ వెనక్కి. ఇవి మీకు వచ్చేశాయి, మళ్లీ చెప్పను. (మూడంటే ఓడే వెనక్కి వస్తోందని ఇద్దరు రాశారు. తిరగబడింది ఇంజన్, ఓడ ఇంకా ముందుకే జారుతుండొచ్చు.) కానీ ఇవన్నీ ఓడలు ఢీకొనకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ నియమాల్లో 34వ దానిలోవి. ఓడలు ఒకదానికొకటి కనిపిస్తున్నప్పుడే వర్తిస్తాయి. కనిపించడమంటే కంటికి. రాడార్ చుక్క కనిపించడం కాదు, కూత వినిపించడం అసలే కాదు.

ఎందుకింత పట్టుదల అంటారా? మీ ఓడ ముక్కు ఎటుందో అవతలివాడికి తెలీదు. అలాంటప్పుడు మీ కుడి ఎటో వాడికెలా తెలుస్తుంది? పైగా మంచులో శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి నమ్మకంగా చెప్పలేదు. మీరు వేసిన పొట్టి కూత వాడికి కబురు కాదు, కంగారు.

మరి చేయాల్సింది? ఢీకొనే ప్రమాదం లేదని తేలితే తప్ప, చుక్కాని మాట వినేంత కనీస వేగానికి తగ్గండి. అవసరమైతే ఓడను పూర్తిగా ఆపండి. నడుస్తుంటే 2 నిమిషాలు దాటకుండా ఒక పొడుగు కూత. ఇంజన్ ఆపి, ఓడ నీటిలో కదలకుండా ఉంటే రెండు, మధ్యలో సుమారు 2 సెకన్లు. రాడార్ లెక్క చూసుకుని తిప్పాల్సి వస్తే తిప్పండి, కానీ తిప్పుతున్నామని పొట్టి కూతలు వేయకండి. ఓడ కంటబడ్డాక 34వ నియమం కూతలు వాడుకోండి.

పొడుగు కూతంటే 4 నుంచి 6 సెకన్లు. నేను మాత్రం నింపాదిగా ఐదు లెక్కపెడతాను. టెన్షన్‌లో నాలుగనుకున్నది మూడైపోతుంది.

అభ్యాసం: మంచులో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు విన్నారు. అది ఎలాంటి ఓడ కావచ్చో ఆరు రకాలు రాయండి, నియమాలు చూడకుండా. రాస్తూనే, గడియారం పక్కన పెట్టుకుని, 30 నిమిషాలపాటు 2 నిమిషాలకోసారి బల్ల మీద ఒక దెబ్బ కొట్టండి. ఆరు రకాలతో పాటు ఎన్ని దెబ్బలు మర్చిపోయారో కూడా పంపండి.