సమ్మెకు చెయ్యెత్తే ముందు

వేతన ఒప్పందం గడువు అయిపోయి, యాజమాన్యం చర్చలను వాయిదాల మీద వాయిదాలు వేస్తుంటే గేటు మీటింగులో ఎవరో ఒకరు "సమ్మె" అంటారు. అందరం చెయ్యెత్తుతాం. నేనూ ఎత్తాను. పన్నెండేళ్ల కిందట మా ఫ్యాక్టరీ గేటు ముందు టెంటులో ముప్పై నాలుగు రోజులు కూర్చున్నాను. యూనియన్ లేకపోతే మాకు ఓవర్‌టైమ్‌కు డబుల్ జీతం వచ్చేది కాదు, ప్రెస్సు మెషీనులో వేళ్లు పోయినవాడికి పరిహారం వచ్చేది కాదు. కాబట్టి యూనియన్ ఉండి తీరాలనే అంటాను. కానీ ముందు చూసుకోవాల్సినవి చూసుకోకుండా దిగితే దెబ్బ తగిలేది మన ఇంటికే.

మొదట తేదీలు చూసుకోండి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, అంటే సమ్మెలకు, యూనియన్లకు నియమాలు పెట్టిన కేంద్ర చట్టం, అమల్లో ఉంది. అంతకుముందు నీళ్లు, కరెంటు, రవాణా లాంటి ప్రజోపయోగ సేవలకే ముందస్తు నోటీసు తప్పనిసరి. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సిందే. లేబర్ అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం, అవి ముగిశాక మరో 7 రోజులు సమ్మె చేయకూడదు. "సమ్మె అనకుండా అందరం ఒకేసారి క్యాజువల్ లీవు పెడదాం" అనే పాత ఎత్తు కూడా ఇక పనిచేయదు. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది అలా సెలవు పెడితే చట్టం దాన్నీ సమ్మెగానే చూస్తుంది. చట్టవిరుద్ధమైన సమ్మె అయితే కార్మికుడికి వెయ్యి నుంచి 10 వేల రూపాయల వరకు జరిమానా, నెల రోజుల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. నోటీసు లేకుండా పదిమంది, ఆపైన కలిసి పని మానేస్తే 8 రోజుల జీతం దాకా కోత పెట్టే వీలూ ఉంది.

అందుకే నాయకుడు "ఇచ్చేశాం" అంటే సరిపోదు. నోటీసు అందినట్టు యాజమాన్యం, లేబర్ ఆఫీసు వేసిన ముద్ర, తేదీ ఉన్న కాపీని చూపించమనండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. అడిగితే అనుమానించినట్టు కాదు, అది మీ హక్కు.

ఇక ఇల్లు. దీని గురించి మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. చట్టప్రకారం చేసిన సమ్మె అయినా ఆ రోజులకు జీతం వస్తుందన్న భరోసా లేదు. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగింది. అప్పటికే పనిచేసిన సెప్టెంబర్ నెల జీతం కూడా చేతికి రాక ఆ కుటుంబాలు ఎంత నలిగిపోయాయో అందరం చూశాం. ప్రభుత్వం చివరికి వాళ్లను విధుల్లోకి తీసుకుంది, కానీ సంఘాలను పక్కన పెట్టి డిపోల్లో వెల్ఫేర్ కమిటీలు పెట్టింది.

మా ఇంట్లో నాలుగో వారానికి బియ్యం డబ్బాలో గ్లాసు ముంచితే అడుగు తగిలి చప్పుడయ్యేది. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆ చప్పుడు వినపడకుండా మా ఆవిడ నెమ్మదిగా ముంచేది. చీటీ రెండు నెలలు కట్టలేకపోయాం. పాట పాడి తీసుకున్న చీటీ కావడంతో హామీ ఉన్న మా బావగారి ముందు తలెత్తుకోలేకపోయాను. సమ్మె ఖాయమనిపించగానే రెండు నెలల బియ్యం, పప్పు, నూనె తెచ్చి పెట్టండి. కొత్త ఈఎంఐ ఏదీ మొదలుపెట్టకండి. ఇంట్లో వాళ్లకు విషయం ముందే చెప్పండి. మందులు వాడే పెద్దవాళ్లుంటే అవి మొదట కొనండి. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లు ఆర్నెల్ల చందా కాలంలో చందా పడే రోజులు 78 నిండుతున్నాయా లేదా అని లెక్క చూసుకోండి. అవి తగ్గితే తర్వాత జబ్బు చేసినప్పుడు వచ్చే సొమ్ముకు అర్హత పోతుంది.

ఎవరి వెంట నడుస్తున్నారో కూడా చూడండి. ఒకే ప్లాంటులో మూడు జెండాలుంటే 51 శాతం సభ్యత్వం ఉన్న సంఘానికే ఒంటరిగా చర్చలకు కూర్చునే హోదా. చందా కట్టినప్పుడు రసీదు తీసుకోండి, ఏడాది లెక్కలు అడగండి. ఏం వస్తే తిరిగి లోపలికి వెళ్తామో దిగేముందే తేల్చమనండి. బొంబాయిలో దత్తా సామంత్ నాయకత్వాన 1982 జనవరిలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దిగిన సమ్మె ఏడాది దాటినా తెగలేదు. చాలామందికి తిరిగి వెళ్లడానికి మిల్లే మిగల్లేదు.

గేటు దగ్గర ఎవరిమీదా చెయ్యి చేసుకోవద్దు, వెళ్లే బండిని ఆపవద్దు. కెమెరాలు తిరుగుతూనే ఉంటాయి. చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమంటూ షోకాజ్ నోటీసు వస్తే టెన్షన్ పడి దాచుకోకండి, గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా పెట్టకండి.

ఒప్పందం కుదిరిందనగానే టెంటు విప్పేయాలనిపిస్తుంది. విప్పేముందు ఆ కాగితాన్ని గేటు దగ్గర అందరికీ వినపడేలా చదివించండి. సమ్మె చేసినందుకు ఎవరిమీదా చర్యలు ఉండవన్న వాక్యం అందులో ఉందా, కాంట్రాక్టు వాళ్లకు కూడా వర్తిస్తుందని రాశారా అని చూడండి. మాది చదవలేదు. మరుసటి రోజు ఫస్ట్ షిఫ్టుకు మాతోపాటు వచ్చిన నలుగురు కాంట్రాక్టు కుర్రాళ్ల పేర్లు సెక్యూరిటీ దగ్గరున్న లిస్టులో లేవు. ముప్పై నాలుగు రోజులూ మా పక్కనే కూర్చున్నవాళ్లు టిఫిన్ బాక్సులు పట్టుకుని గేటు బయటే నిలబడిపోయారు.