బోన్సాయ్ కోసం ఫ్లవరింగ్ క్విన్స్: కటింగ్ దగ్గరే తేలిపోయే ఆకారం

ఫ్లవరింగ్ క్విన్స్ (చీనోమెలిస్) అనే పూల పొద కొమ్మను కోసి నాటి వేళ్ళు తెప్పించడం, అంటే కటింగ్ చేయడం, పెద్ద కష్టమేమీ కాదు. ఆ మొక్క బోన్సాయ్‌కి పనికొచ్చేలా పెరగాలంటే మాత్రం కత్తెర పట్టకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. ఒంటి కాండం కావాలా, మొదట్లోంచి నాలుగైదు కాండాలు లేచే గుబురు కావాలా? కాండానికి వంపు ఎక్కడ రావాలి? ఈ మొక్క కాండం చాలా నెమ్మదిగా లావెక్కుతుంది. ముదిరాక వంచబోతే పుటుక్కున విరుగుతుంది. పైగా మట్టిలోకి వెళ్ళిన ప్రతి కణుపు దగ్గరా ఉన్న మొగ్గ తర్వాత పిలకై పైకి రావచ్చు. అందుకే ఆకారం సగం కటింగ్ దగ్గరే ఖాయమైపోతుంది.

ఒంటి కాండం కావాలంటే మట్టిలోకి వెళ్ళే భాగంలోని మొగ్గలన్నిటినీ పదునైన బ్లేడుతో మొదలంటా తీసేయాలి. గుబురు కావాలంటే కింది రెండు మూడు మొగ్గలను ముట్టుకోకూడదు. ఈ మొక్క బలమంతా కింది నుంచే తన్నుకొస్తుంది కాబట్టి గుబురు రూపమే దీనికి బాగా నప్పుతుంది. తొందరపడి నాలుగైదు కటింగ్‌లను ఒకే చోట గుచ్చి గుబురు చేయాలనుకుంటే అవి ఎన్నాళ్ళైనా విడివిడి మొక్కల్లాగే కనిపిస్తాయి. ఒకే మొదలు నుంచి వచ్చిన పిలకలకు ఉండే పొందిక వాటికి రాదు.

రకం విషయానికొస్తే, చీనోమెలిస్ జాపోనికా సుమారు మీటరు ఎత్తుతో సరిపెట్టుకుంటుంది. స్పెసియోసా రెండు మూడు మీటర్లు పెరుగుతుంది, ఆకులూ పెద్దవి. ఈ రెండిటి సంకరం సూపర్బా. బోన్సాయ్ చేసేవాళ్ళు ఎక్కువగా వెతికేది చోజుబై అనే మరుగుజ్జు రకాన్ని. దాని ఆకులు చిన్నవి, కొమ్మలు సన్నగా, గరుకుగా, మెలికలు తిరిగి ఉంటాయి. గింజల నుంచి తల్లి లక్షణాలు అలాగే రావు కాబట్టి ఇలాంటి రకాలకు కటింగే దారి. ఏ రకమైనా శీతాకాలంలో ఆకు రాల్చి చలిలో నిద్రపోవాల్సిన మొక్కే. చలి చాలని చోట పూత పలచబడుతుంది.

కొమ్మ ఎప్పుడు కోయాలి

పూత అయిపోయి, కొత్త చిగుళ్ళు 15 సెంటీమీటర్ల దాకా సాగి, వాటి అడుగు భాగం గట్టిపడుతున్నప్పుడు కోయాలి. ఉత్తరార్ధగోళంలో ఇది సుమారు మే చివరి నుంచి జూలై వరకు. కొమ్మను వంచి చూస్తే కొస మెత్తగా వంగాలి, అడుగు భాగం ఎదురు తిరగాలి. పొద్దున్నే, మొక్క నిండా నీరున్నప్పుడు కోసి, తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టాలి. కత్తెరను ముందే 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడం మరవొద్దు.

ముక్క పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. నిటారుగా ఉన్న కొమ్మ ఎంత బలంగా కనిపించినా పక్కన పెట్టి, సహజంగా వంపున్నదాన్ని ఎంచుకోవాలి. పక్క కొమ్మను కిందికి లాగి, పాత చెక్క చిన్న చీలికతో సహా ఊడదీస్తే ఇంకా మంచిది, ఆ మడమ దగ్గర వేళ్ళు బాగా పడతాయి. మడమ లేకపోతే కణుపుకు సరిగ్గా కింద కోయాలి.

కింది సగంలోని ఆకులు తీసేయాలి. ఆకు తొడిమ మొదట్లో చిన్న ఆకుల్లా కనిపించే పుచ్ఛాలనూ వదలకూడదు, మట్టిలోపల కుళ్ళు మొదలయ్యేది వాటి దగ్గరే. పైన మూడు నాలుగు ఆకులు ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించాలి.

నాటడం

పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్ళలో కలిపితే చాలు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) లేదా అకడామా (జపాన్ బంకమట్టి గుళికలు) కూడా బాగుంటుంది. ఎరువు ఏదీ కలపకూడదు. వేళ్ళు లేని కొమ్మ దాన్ని వాడుకోలేదు, కుళ్ళు మాత్రం పెరుగుతుంది.

కొమ్మ అడుగును 0.1 నుంచి 0.3 శాతం ఇండోల్ బ్యూట్రిక్ యాసిడ్ ఉన్న వేరు హార్మోను పొడిలో అద్ది, ఎక్కువైనదాన్ని తట్టి దులపాలి. ముందు పుల్లతో రంధ్రం చేసి అందులో దించాలి. నేరుగా గుచ్చితే పొడంతా పైనే రాలిపోతుంది. కనీసం రెండు కణుపులు లోపలికి వెళ్ళాలి. కొంచెం ఏటవాలుగా నాటితే మొదట్లోనే ఒక వంపు దొరుకుతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య 5 సెంటీమీటర్లు వదలండి. నీళ్ళు పోసి, ప్లాస్టిక్ సంచి గానీ మూత పెట్టె గానీ కప్పి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచాలి. రోజూ పది నిమిషాలు మూత తీయాలి. అడుగున 20 నుంచి 22 డిగ్రీల వెచ్చదనం ఉంటే వేళ్ళు త్వరగా వస్తాయి. మూత లోపల 30 డిగ్రీలు దాటితే కొమ్మలు ఉడికినట్టై నల్లబడతాయి.

నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్ళు రావాలి. కొమ్మను పీకి చూడొద్దు, అప్పుడే పుట్టిన వేళ్ళు తెగిపోతాయి. తొట్టి అడుగు రంధ్రాల్లోంచి తెల్ల వేళ్ళు కనిపించాకే నమ్మాలి. ఆకులు పసుపెక్కి రాలినా కాండం పచ్చగా ఉంటే పారేయకండి, మళ్ళీ చిగురించవచ్చు. అడుగు నల్లబడి మెత్తగా అయితే అది కుళ్ళు. నీరు ఎక్కువైంది, లేదా పుచ్ఛాలు మిగిలిపోయాయి. అడుగున గడ్డలాంటి కణజాలం మాత్రమే పెరిగి వేరు రాకపోతే, దాన్ని బ్లేడుతో కాస్త గీరి, హార్మోను అద్ది మళ్ళీ నాటాలి.

వేళ్ళు వచ్చాక ఒక వారం పది రోజులపాటు మూతను కొద్దికొద్దిగా తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయాలి. శీతాకాలం దగ్గర పడితే కుండీ మార్చొద్దు. గడ్డకట్టని చోట అదే తొట్టిలో ఉంచి, వసంతంలో మొగ్గలు ఉబ్బేటప్పుడు విడివిడి కుండీల్లోకి మార్చాలి. అప్పుడు వేళ్ళు కత్తిరించే పని లేదు, చుట్టూ సమంగా పరిస్తే చాలు.

ఆకు రాలాక కోసే ముదురు కొమ్మలతోనూ మొక్కలు వస్తాయి. 12 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలు నాటి బయటే వదిలేయవచ్చు, కానీ బతికేవి తక్కువ. వసంతంలో అవి వేళ్ళకన్నా ముందే చిగురిస్తాయి. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న ఆహారంతో వచ్చింది, వేళ్ళున్నాయనుకుని కదిలిస్తే చచ్చిపోతాయి.

వేరు ముక్కలు

ఆకారం మీద పట్టింపు ఉన్నవాళ్ళకు ఇదే ఎక్కువ లాభం. కుండీ మార్చేటప్పుడు తీసేసిన వేళ్ళలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్నవాటిని 6 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, కాండం వైపు కొస పైకి ఉండేలా నాటాలి. కొస సుమారు ఒక సెంటీమీటరు బయట ఉండాలి. కోసేటప్పుడే పైకొసను అడ్డంగా, కిందికొసను ఏటవాలుగా కోస్తే తలకిందులు కావు. కొమ్మ ఏళ్ళకు గానీ సంపాదించని మందం, మెలిక దీనికి మొదటి రోజే ఉంటాయి. తల్లి మొక్క అంటు కట్టినదైతే మాత్రం వేరు ముక్క నుంచి వచ్చేది అడుగు మొక్కే. ఒకే చెట్టుకు రెండు రంగులు పూసే రకాలకు కూడా వేరు ముక్కలను నమ్మొద్దు.

మొదటి రెండేళ్ళు

వేళ్ళు బాగా పట్టి కొత్త కొమ్మ సాగుతున్నప్పుడే, ఇంకా పచ్చగా ఉండగా, 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ చుట్టి వంచాలి. నెల దాటాక తరచుగా చూస్తుండాలి, తీగ బెరడులోకి దిగితే ఆ మచ్చ చాలాకాలం పోదు. లావు కావాల్సిన కాండం కొసను తుంచకూడదు. ఏపుగా లేచిన అక్కర్లేని పిలకలను మాత్రం మొదట్లోనే తీసేయాలి, లేకపోతే అసలు కాండం సన్నగిల్లిపోతుంది. తొందరగా పూలొచ్చినా కాయ కట్టనివ్వకండి.

లేత చిగుళ్ళకు పేనుబంక పడుతుంది, నీటి జల్లుతో కడిగితే చాలావరకు పోతుంది. అసలు భయపడాల్సింది క్రౌన్ గాల్‌కు. వేళ్ళ గాయాల్లోంచి దూరే బ్యాక్టీరియా కాండం మొదలు దగ్గర గరుకు బుడిపెలు పుట్టిస్తుంది. అందుకే జపాన్‌లో దీని వేళ్ళు కత్తిరించే పని వసంతంలో కాక శరదృతువులో పెట్టుకుంటారు. చిన్న కటింగ్‌కు బుడిపె కనిపిస్తే కోసి బాగుచేయాలని చూడకుండా మట్టితో సహా పారేసి, కుండీనీ కత్తెరనూ శుద్ధి చేయండి. బుడిపెలున్న తల్లి మొక్క నుంచి వేరు ముక్కలు అసలు తీసుకోవద్దు.