ఎడారిలో వడ్రంగి తుమ్మెదనూ దాని గూడునూ గుర్తుపట్టడం ఎలా?

అరిజోనాలోని సోనోరన్ ఎడారిలో (అమెరికా) ఎండలు మొదలయ్యాయంటే చాలు, బొటనవేలి కొసంత నల్లటి తుమ్మెద ఒకటి బుయ్యిమంటూ చెవి పక్కనుంచే వెళ్తుంది. చాలామంది టెన్షన్ పడి స్ప్రే డబ్బా కోసం వెతుకుతారు. దయచేసి ఆగండి, అది కర్రను తొలిచి గూడు కట్టుకునే వడ్రంగి తుమ్మెద (కార్పెంటర్ బీ) కావచ్చు, ముందు అదేమిటో చూడండి.

1. పొట్ట చూడండి. చూడ్డానికి ఇలాగే ఉండే బంబుల్ బీ అనే మరో తేనెటీగకి పొట్ట మీద కూడా దట్టంగా నూగు ఉంటుంది, వడ్రంగి తుమ్మెదకైతే అక్కడ నున్నగా మెరుస్తుంది. పెద్ద జాతులు దాదాపు 2.5 సెంటీమీటర్ల పొడవుంటాయి.

2. తర్వాత రంగు. ఇక్కడి వడ్రంగి తుమ్మెదల్లో ఒకటైన వ్యాలీ కార్పెంటర్ బీలో ఆడది నిగనిగలాడే నలుపు, మగది మాత్రం బంగారు రంగు ఒళ్ళు, ఆకుపచ్చ కళ్ళు, పక్కపక్కన పెట్టి చూపించినా ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. ఆ బంగారు రంగుది మొహం ముందుకొచ్చి గాల్లో నిలబడినా భయం లేదు, మగవాటికి కొండి ఉండదు. ఆడదానికి ఉంటుంది కానీ చేత్తో పట్టుకుంటేనో, నలిపితేనో తప్ప కుట్టడం అరుదు. ఒంట్లో నీలి మెరుపు కనిపిస్తే అది కాలిఫోర్నియా కార్పెంటర్ బీ కావచ్చు.

3. ఇక గూడు, అసలు విషయం ఇదే. ఎడారిలో పెద్ద మానులు తక్కువ కదా, అందుకే ఈ కాలిఫోర్నియా రకం ఆగవే, యుక్కా, సోటోల్ అనే ఎడారి మొక్కల ఎండిపోయిన పూలకాడలను వెతుక్కుంటుంది. పైన గట్టి పెంకు, లోపల మెత్తటి బెండు, తొలుచుకోవడానికి అంతకంటే అనువైనది దానికి దొరకదు. వ్యాలీ రకమైతే కాటన్‌వుడ్ లాంటి చెట్ల ఎండు కొమ్మల్లోనూ, రంగు వేయని దూలాల్లోనూ ఉంటుంది. డ్రిల్లుతో వేసినట్టు గుండ్రంగా, సుమారు 1.2 సెంటీమీటర్ల రంధ్రం, దాని కింద రంపపు పొట్టు, పసుపు మరకలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. చెవి పెట్టి వింటే లోపల గీకుతున్న చప్పుడు కూడా వినిపించవచ్చు. అది కర్రను తినదు, తొలిచి పడేస్తుంది, అంతే. తినేవి చెదలు, నేలలోంచి వచ్చే రకమైతే మట్టి గొట్టాలు కనిపిస్తాయి.

లోపల తల్లి చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. పుప్పొడి, మకరందం కలిపి ముద్ద చేసి, దాని మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి, కర్రపొడితో అడ్డుగోడ కట్టి, మళ్ళీ ఇంకో గది మొదలుపెడుతుంది. ఆ గదుల్లో పెరిగిన పిల్లలు చలికాలమంతా సొరంగాల్లోనే గడిపి, వసంతంలో జతకడతాయి. పాత గూళ్ళనే మళ్ళీ వాడుకోవడం కూడా మామూలే.

4. గూడు దొరికాక దాన్ని చీల్చి చూడకండి. ఇంటి దూలంలో ఉంటే, లోపల ఏమీ లేవని రూఢి చేసుకున్నాకే రంధ్రం పూడ్చి రంగు వేయండి. పెరట్లో ఎండిన ఆగవే కాడ ఉంటే మాత్రం కొట్టేయకుండా అలాగే నిలబెట్టి ఉంచండి, కాలిఫోర్నియా రకానికి అదే ఇల్లవుతుంది.