వారానికి ఒక కొత్త కూర చాలు, చారు మాత్రం మార్చకండి

ఒక ఆదివారం మధ్యాహ్నం రాజ్మా, జీరా రైస్, బూందీ రైతా చేసి టేబుల్ మీద పెట్టాను, పొద్దున్నుంచి కష్టపడి చేసింది, రుచి కూడా బాగానే కుదిరింది. మామయ్యగారు మొత్తం తిని, "బానే ఉందమ్మా, చారేమన్నా ఉందా?" అన్నారు. రాజ్మా నచ్చక అన్నమాట కాదది, కంచంలో ఆయనకి తెలిసింది ఒక్కటి కూడా లేదు, అందుకని భోజనం చేసినట్టు అనిపించలేదంతే. రెండు వారాలాగి అదే రాజ్మాని కూర లాగా పెట్టి, పక్కన మామూలు అన్నం, టమాటా చారు, అప్పడం, పెరుగు పెట్టాను. రెండోసారి అడిగి వేయించుకున్నారు.

అప్పట్నుంచి మా ఇంట్లో కంచంలో ఒక్క చోటే మార్పు. మన భోజనంలో పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు అని ఎవరి చోటు వాళ్ళకుంది కదా, అందులో కొత్తదానికి బాగా సరిపోయేది కూర చోటు, ఎందుకంటే అది ఎలాగూ రోజూ మారేదే. చారు, పెరుగు జోలికి అస్సలు వెళ్ళకండి. పప్పులో అయితే ఆకో కాయో మార్చొచ్చు, పప్పు పప్పులాగే ఉండాలి. అమెరికాలో ఉన్న మా చెల్లి బీరకాయ దొరకనప్పుడు జుకినీ వేసి పప్పు చేస్తుంది, నీళ్ళు కొంచెం తగ్గించి పోస్తే చాలంటుంది, పిల్లలకి అది బీరకాయ పప్పే.

ఇంకోటి, కొత్తది అనగానే చాలామంది ఎక్కడో ఇటలీ వైపు చూస్తారు, నన్నడిగితే ముందు పక్క జిల్లా వైపు చూడండి. మాది కర్నూలు, ఉగ్గాణి బజ్జీ తింటూ పెరిగాం, బొరుగులు (మరమరాలు) తడిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ పోపులో వేసి పుట్నాల పొడి చల్లితే పావుగంటలో టిఫిన్ అయిపోతుంది, కానీ గోదావరి వైపు ఇళ్ళల్లో చాలామందికి ఇది కొత్త. అలాగే వరంగల్ వాళ్ళ సర్వపిండి, అంటే గిన్నెలో అద్ది కాల్చే రొట్టె, మాకు కొత్త. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, అన్నీ ఇంట్లో ఉన్నవే కాబట్టి కొత్త డబ్బా కొనే పని లేదు, నాలుకకి కూడా మరీ పరాయిగా ఉండదు.

నాకు బాగా పనికొచ్చింది ఆవ పెట్టిన కూర, అంటే నూరిన ఆవాల ముద్ద కలిపిన కూర. మా వైపు ఆవాలంటే పోపులోకే. మా పక్కింటి పిన్నిగారిది రాజమండ్రి, ఆవిడ దగ్గర నేర్చుకున్నా. మూడు అరటికాయలు చెక్కు తీసి ముక్కలు కోసి మజ్జిగ కలిపిన నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే నల్లబడతాయి. తర్వాత పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు రసం వేసి ఉడికించి వార్చాలి, ముక్క నొక్కితే విరగాలి గానీ ముద్ద అవ్వకూడదు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టి ముక్కలు వేసి ఐదు నిమిషాలు మగ్గనివ్వాలి. ఈలోపు ఒక టీస్పూన్ ఆవాలు, ఒక ఎండుమిర్చి కాసేపు నానబెట్టి, చిటికెడు ఉప్పేసి నూరుకోవాలి. ఇక్కడే నేను మొదటిసారి తప్పు చేశాను, మసాలా ముద్దే కదా అని కూర మంట మీద ఉండగానే కలిపేశాను, ఘాటంతా పోయి చేదు మిగిలింది. పిన్నిగారు రుచి చూసి, "స్టవ్ కట్టేసి కాస్త చల్లారాక కలపాలమ్మా, మంట మీదైతే చేదైపోద్ది" అన్నారు. పచ్చి ఆవాల్ని నీళ్ళతో నూరినప్పుడు వచ్చే ఆ ఘాటు వేడికి నిలబడదు, అందుకే చివర్లో కలపడం.

ఇందులో నేను తెలుసుకున్నది కూర ఒక్కటే కాదు, ఒక పద్ధతి. అదే ఆవముద్ద కందకి, పనసపొట్టుకి, క్యాబేజీకి, పులిహోరకి కూడా పనికొస్తుంది, అంటే ఒక్క వారం కష్టంతో మూడు నాలుగు వంటలు వచ్చినట్టే, పైగా కూరగాయలన్నీ ఇంట్లోవాళ్ళకి అలవాటైనవే.

దూరం వంటలు వీడియో చూసి చేసేటప్పుడు మాత్రం కొలతలు జాగ్రత్త. ఒక హిందీ వీడియోలో రెండు పెద్ద చెంచాల కారం అన్నారని నేను మా గుంటూరు కారం అంతే వేశాను, పిల్లలు ఒక్క ముద్ద కూడా తినలేకపోయారు, కళ్ళలో నీళ్ళొచ్చేశాయి, చాలా బాధేసింది. వాళ్ళు వేసేది కాశ్మీరీ కారం, రంగెక్కువ, మంట తక్కువ. మన కారమైతే మూడో వంతుతో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోండి. కప్పులు కూడా అంతే, రెసిపీల్లో కప్పు అంటే మామూలుగా 240 మి.లీ., రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ., బియ్యం చిన్నదాంతో నీళ్ళు పెద్దదాంతో కొలిస్తే ఆ పులావు జావైపోతుంది. రాజ్మా అయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేళ్ళతో నొక్కితే మెత్తగా నలిగేదాకా కుక్కర్లో ఉడకాలి, గింజ లోపల గట్టిగా ఉంటే కడుపు పాడవుతుంది, ఇందులో తొందర వద్దు.

ఏ రోజు చెయ్యాలంటే శనివారమో ఆదివారమో మధ్యాహ్నం. సోమవారం పొద్దున బాక్సులు కట్టే హడావిడిలో వద్దు, చుట్టాలొచ్చే రోజు అసలే వద్దు. మొదటిసారి సగం కొలతే చెయ్యండి, కొత్త మసాలా ఏదైనా కొనాల్సొస్తే చిన్న ప్యాకెట్టే కొనండి. కొత్త కూర ఉన్న రోజు ఇంట్లోవాళ్ళకి బాగా ఇష్టమైన పప్పు చెయ్యండి, ఆవకాయ జాడీ, కందిపొడి, నెయ్యి టేబుల్ మీదే ఉంచండి. కూర కుదరకపోయినా ఎవరూ ఆకలితో లేవరు, అది తెలిస్తే మీకు కూడా చెయ్యి వణకదు.

పిల్లలకి కంచం అంచున ఒక్క చెంచా పెట్టి ఊరుకోండి, తినమని వెంటపడొద్దు. మా చిన్నోడు ఆవ కూరని మూడుసార్లు పక్కకి తోసేసి నాలుగోసారి పెరుగన్నంలో నంజుకున్నాడు.

ఒక వంట బాగుందో లేదో ఒక్కసారికే తేల్చెయ్యకండి, కనీసం మూడుసార్లు చెయ్యండి. మొదటిసారి చెప్పింది చెప్పినట్టు, రెండోసారి మన ఇంటి ఉప్పూ కారం పులుపుకి సరిచేసి, మూడోసారికి కాగితం చూడకుండా. మూడోసారి కూడా గిన్నె ఖాళీ అవ్వకపోతే వదిలెయ్యండి, బాధ పడాల్సిందేం లేదు. ఖాళీ అయితే వంటింటి అలమర తలుపు లోపల ఒక కాగితం అంటించి కొలతలతో సహా రాసుకోండి, "ఆవ 1 టీస్పూన్, స్టవ్ ఆపాక" అన్నట్టు రెండు ముక్కల్లో. రేపేం వండాలి అని రాత్రి పది గంటలకి ఆలోచించేటప్పుడు ఆ తలుపు తెరిస్తే చాలు. మా తలుపు మీద దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ కింద ఇప్పుడు ఆవ పెట్టిన అరటికాయ, రాజ్మా ఉన్నాయి. ఈ ఆదివారం క్యాబేజీకి ఆవ పెడుతున్నా, పక్కన ముద్దపప్పు, మామయ్యగారి టమాటా చారు.